వెనక సందులో గుమ్మం

ఫిజియోథెరపీ అమ్మాయి కూడా వెనక సందులోకే వచ్చింది.

కుట్టుమిషను చప్పుడు టక్కున ఆగిపోయింది. భుజాన సంచీ, చేతిలో ఫోను, మొహం నిండా చెమట. ఆ అమ్మాయి కుట్టుగది తెర తొలగించి లోపలికి తొంగిచూసింది.

"పక్షవాతం వచ్చిన పెద్దాయన ఇల్లు ఇదేనాండీ? వచ్చేశారు, దిగండి అంటోంది ఫోను. ఇక్కడ చూస్తే బట్టలు వేలాడుతున్నాయి!"

"ఇదే. ఇటు రండి," అని మిషను ముందునుంచి లేచిన ఆడపడుచు ఆ అమ్మాయిని ముందుగదిలో తండ్రి మంచం దగ్గరికి పంపింది. పంపి, చేతిలో కత్తెర బల్లమీద పడేసి, సరాసరి వంటింట్లోకి వచ్చింది.

"ఆ రోజు అంబులెన్సు. ఇవాళ ఈ పిల్ల. మ్యాపులో మన ఇంటి గుర్తు సరిచేయిస్తానన్నావు కదా వదినా?"

గిన్నె తోముతున్న కోడలి చెయ్యి ఆగలేదు. "చేయించాను."

"చేయిస్తే మళ్ళీ సందులోకెందుకొస్తారు?"

"మళ్ళీ వెనక్కి జరిగిపోయింది."

"జరిగిపోయిందా? ఇల్లేమన్నా కుర్చీయా, బల్లా, దానంతటది జరిగిపోవడానికి?"

అత్తగారు పొయ్యి ముందు నిలబడి పాలగిన్నెతో మాట్లాడుతున్నట్టుగా అంది. "అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట."

అత్తగారు కోడలిని ఎప్పుడూ నేరుగా ఏమీ అనదు. సామెతతో అంటుంది. మాటకైతే మాట చెప్పొచ్చు, సామెతకి ఎవరు చెప్పగలరు? కోడలు ఇంకో గిన్నె అందుకుంది.

బల్లి మాట నిజమే. ఫోనుల్లో దారి చూపించే మ్యాపులు సరిచూసే ఆఫీసులో ఆమె పని. కొత్తగా వేసిన రోడ్డు, మూసేసిన వంతెన, చేతులు మారిన దుకాణం, అన్నీ తెరమీద చూసి అవునో కాదో తేల్చాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళు దారి తప్పకుండా కాపలా కాసే మనిషికి సొంత ఇంటి గుమ్మం దగ్గరే చుక్కెదురైంది.

ఇంటికి ముందు వెడల్పాటి వీధి, ఇనుప గేటు ఉన్నాయి. వెనక ఉన్నది మనిషి, స్కూటరు తప్ప ఇంకేదీ దూరని సందు. బళ్ళు రాకుండా సందు మొదట్లో ఎవరో ఎప్పుడో పాతిన రాతిస్తంభం ఒకటి ఉంది. గోడగడియారం విప్పుకుని కూర్చున్న మావగారు కూర్చున్నచోటే పక్కకి ఒరిగిపోయిన రోజున అంబులెన్సు వచ్చి ఆ స్తంభం ముందు ఆగింది. పాపం డ్రైవరు ఫోను చెప్పిన చోటికే వచ్చాడు. బండి వెనక్కి తీసి, పక్కవీధి వన్‌వే, ఎదురు వెళ్ళనివ్వరు కాబట్టి అంతదూరం చుట్టుతిరిగి, గేటు ముందుకి వచ్చేసరికి జరగాల్సిన ఆలస్యం జరిగిపోయింది.

"ఇంకాస్త ముందు తెచ్చుంటే..." అని ఆస్పత్రిలో డాక్టరు సగం మాట మింగేశాడు. ఆయన మింగిన ఆ సగాన్నే ఇప్పుడు ఇంట్లో ఒకరి మీద ఒకరు కక్కుతున్నారు.

మావగారికి కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. పక్షవాతం మళ్ళీ రావచ్చనీ, వస్తే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యొద్దనీ మరీమరీ చెప్పి ఇంటికి పంపారు.

ముందుగదిలోంచి ఫిజియో అమ్మాయి గొంతు వినిపిస్తోంది. "నీళ్ళు అనండి సార్. నీ... ళ్ళు."

జవాబుగా వట్టి ఊపిరి వినిపించింది.

కోడలు చేతులు తుడుచుకుని వెళ్ళి మంచం పక్కన నిలబడింది. గోడ నిండా గడియారాలు తలో టైము చూపిస్తున్నాయి. ఆయన మంచాన పడ్డాక వాటికి కీ ఇచ్చే దిక్కు లేదు. జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషాయన. ఇంట్లోవాళ్ళకి పేర్లు కూడా అందులోంచే ఏరాడు. కొడుకు పెద్దముల్లు, కూతురు చిన్నముల్లు, భార్య గంట. "గంటకోసారి మోగకపోతే దానికి తోచదు," అనేవాడు. కోడలిని మాత్రం "అమ్మాయ్" అనే పిలిచేవాడు.

ఆమె ఉద్యోగమంటే ఆయనకి మహా ముచ్చట. "అమ్మాయ్, పైన తిరిగే ఉపగ్రహాల్లో గడియారాలుంటాయన్నావే, వాటికి కీ ఎవరిస్తారు?" అని ఆమె కాపురానికి వచ్చిన మొదట్లోనే అడిగాడు.

"వాటికి కీ అక్కర్లేదు మావయ్యా. ప్రతి ఉపగ్రహమూ 'ఇప్పుడు టైమింత' అని కిందకి చెబుతూనే ఉంటుంది. ఆ కబురు ఫోనుకి చేరడానికి ఎంత పట్టిందో చూసుకుని, అదెంత దూరంలో ఉందో ఫోను లెక్క కడుతుంది. అలా నాలుగు ఉపగ్రహాల కబురు వింటే మనమెక్కడున్నామో తేలిపోతుంది."

"నాలుగెందుకూ? మూడు చాలవూ?"

"చోటు తేల్చడానికి మూడు. ఫోనులో ఉండేది చవకరకం గడియారం కదా, దాన్ని సరిదిద్దడానికి నాలుగోది."

ఆయన మోకాలి మీద చరుచుకుని నవ్వాడు. "అయితే జనానికి దారి చూపించేది మా గడియారాలవాళ్ళేనన్నమాట! విన్నావుటే గంటా?"

అప్పుడు నవ్విన నోరు ఇప్పుడు ఒక పక్కకి లాగుకుపోయి ఉంది. కోడలు ఆయన దుప్పటి సరిచేసింది. ఆయన మాత్రం ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో నింద లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

*

సరిచేయించానని ఆమె చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది సగమే.

ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. ఎవరి ఇంటి గుర్తుని వాళ్ళు ముట్టుకోకూడదు. అందుకని ఆమె వెళ్ళి తన పైఅధికారిణిని బతిమాలుకుంది. ఆవిణ్ణి వెనకాల అందరూ కళ్ళజోడు అంటారు. కళ్ళజోడు ఆ పూటే గుర్తుని జరిపి గేటు ముందు పెట్టింది. కొన్నాళ్ళకే అది మళ్ళీ సందులోకి పోయింది. మొన్న ఆవిడ కోడలిని పిలిచి తెర చూపించింది.

"మీ ఇంటికి దారి పెట్టుకుని బయల్దేరిన ఫోనులు చివరికి ఎక్కడ ఆగాయో చూడు."

పేర్లు లేవు, మొహాలు లేవు. వట్టి చుక్కలు. గేటు ముందు అక్కడొకటి అక్కడొకటి. వెనక సందులో, సరిగ్గా కుట్టుగది గుమ్మం ముందు, చీమలు మూగినట్టు గుట్టగా ఉన్నాయి.

"ఇంతమంది ఇక్కడే ఆగుతుంటే గుమ్మం ఇదే కాబోలు అనుకుంటుంది మ్యాపు," అంది కళ్ళజోడు. "నేను ముందుకి జరుపుతాను, మీ ఇంటికొచ్చేవాళ్ళు వెనక్కి లాక్కుపోతారు. వాళ్ళందరి ఫోనులూ కట్టేయించగలవా? లేదు కదా. ఉన్నవి రెండే దారులు. జనం వెనక్కి రావడం మానాలి. లేదంటే ఆ వెనకున్నదేమిటో దానికి వేరే గుర్తు పెట్టాలి. బోర్డుతో ఫొటో తీసి, దాన్ని నడిపే మనిషే పంపాలి. అప్పుడు ఆ చుక్కలన్నీ దాని ఖాతాలోకి పోతాయి, మీ ఇల్లు గేటు దగ్గర కదలకుండా ఉంటుంది. ఇంతకీ ఏముంది వెనక?"

"మా ఆడపడుచు బట్టలు కుడుతుంది."

"మరింకేం? బోర్డు పెట్టించు."

కోడలు తలూపి వచ్చేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

ఆ గదికి బోర్డు లేదు. ఉండకూడదు కూడా. చిన్నముల్లు కట్టుకున్నవాణ్ణి వదిలేసి వచ్చిన మనిషి. వదలడానికి కారణం ఆమె ఎడమ భుజం మీద ఇంకా మచ్చగా ఉంది. ఇదివరకటి ఇంటికి వాడు రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు గేటు ఊడదీశాడు. అందుకే ఎవరికీ చెప్పకుండా ఇల్లు మారారు. ఇక్కడికి వచ్చాక ఆమె ముందు వీధిలోకి అడుగుపెట్టలేదు. వెనకగదిలో తెర వేసుకుని మిషను ముందు కూర్చుంది. ఆమె కుట్టు నచ్చినవాళ్ళు ఇంకొకరికి చెప్పారు. వాళ్ళకి ఈ ఇంటి లొకేషనే పంపి, 'వెనక సందులోంచి రండి' అనేది. కుట్టిన బట్ట మీద పేరు లేదు, గుమ్మం మీద పేరు లేదు. కుంగిపోయిన మనిషి కాస్తకాస్తగా తేరుకుంది. ఈమధ్య పాటలు కూడా పాడుకుంటోంది.

ఆమె దగ్గరికి వెళ్ళి, మీ నాన్న మాట పోవడానికి దారి నీ గుమ్మం ముందునుంచే పడిందని ఎలా చెప్పడం? అందుకే కోడలు పడ్డ నింద పడినట్టే మోస్తోంది.

*

సాయంత్రం పెద్దముల్లు పని నుంచి వస్తూ ఇనుపబద్ద ఒకటి భుజాన వేసుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏది చెడినా బోల్టు బిగిస్తే సరిపోతుందని అతని నమ్మకం.

"ఏమిట్రా అది?" అంది తల్లి.

"వెనక తలుపుకి. సందులోకి గుమ్మముంటేనే కదా ఈ గొడవంతా? మూసిపారేస్తే ఎవడూ అటు రాడు."

ఆడపడుచు తెర పట్టుకుని అలాగే నిలబడింది. "మరి నా మిషను, అన్నయ్యా?"

"ముందుగదిలో వేసుకో."

"నాన్న మంచమో? నలుగురూ వచ్చి కొలతలిస్తుంటే ఆయన చూస్తూ పడుకోవాలా?"

"అయితే కొన్నాళ్ళు మానెయ్యి. నాన్న కంటే ఎక్కువా నీ కుట్లు?"

ఆమె మొహం పాలిపోయింది. అతను అప్పుడే నాలిక కరుచుకున్నాడు. కానీ మగవాడు, అందులోనూ అన్న, ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకుంటే ఇల్లు కూలిపోదూ! బద్ద తీసుకుని వెనకగదిలోకి నడిచాడు.

"ఆ తలుపు ముయ్యడానికి వీల్లేదు," అంది కోడలు.

అతను తిరిగి చూశాడు.

"ఎందుకు?"

"వీల్లేదండీ. అంతే."

"నీ మ్యాపు ఎలాగూ పనిచెయ్యదు. నన్నైనా పని చెయ్యనియ్యి. తలుపు మూస్తే అంబులెన్సు ముందుకొస్తుందా, రాదా? అది చెప్పు."

ఆమె మాట్లాడలేదు. వస్తుంది. కొన్నాళ్ళు పడుతుంది కానీ వస్తుంది. అతను ఏమీ తెలియకుండానే గురి చూసి కొట్టాడు.

"చెప్పవేం? నువ్వేదో దాస్తున్నావు. మా నాన్నకి మళ్ళీ వస్తే అప్పుడు చెబుతావా?"

అత్తగారు సామెత కూడా మరిచిపోయి కోడలి మొహంలోకి చూసింది. ఆడపడుచు చూపు వదిన మీంచి తలుపు మీదకి, తలుపు మీంచి వదిన మీదకి వచ్చింది.

"అన్నయ్యా, కాసేపు అవతలికెళ్ళు," అంది.

అతను వెళ్ళాడు. బద్ద గోడకి చేరేసి మరీ వెళ్ళాడు.

*

"గుర్తు ఎందుకు జరుగుతుంది వదినా?"

"ఏవేవో కారణాలుంటాయి. ఎత్తైన గోడలుంటే ఉపగ్రహాల కబురు వాటికి తగిలి ఆలస్యంగా..."

"నాన్నకి చెప్పే కబుర్లు నాకు చెప్పకు. మన ఇంటి గుర్తు ఎందుకు జరిగింది?"

కోడలు బల్లమీది దారపుముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"అన్నయ్య తలుపు మూస్తానంటే వద్దన్నావు. మూస్తే సరిపోతుందా అంటే మాట్లాడలేదు. అంటే సరిపోతుందన్నమాట." చిన్నముల్లు స్టూలు మీద మెల్లగా కూర్చుంది. "ఈ తలుపు దగ్గరికి వచ్చేదెవరు? నా దగ్గరికొచ్చేవాళ్ళేగా?"

దారపుముక్కలు అయిపోయాయి. కోడలికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వాళ్ళు ఇక్కడ ఆగీ ఆగీ... ఇదే గుమ్మం అనుకుందా అది?"

"ఊఁ."

"అయితే నాన్న మాట తీసేసింది నేను."

"కాదు! అలా అనకు. ఆ స్తంభం పాతినవాడు, ఆ పక్కవీధికి వన్‌వే పెట్టినవాళ్ళు, చుక్కలు చూసి మనిషిని చూడని మా ఆఫీసు, తిలాపాపం తలా పిడికెడు. నీ పిడికెడు నువ్వు చూసుకుని నాన్నని పడగొట్టానంటే ఎలా?"

"ఇన్నాళ్ళూ నిన్ను నానామాటలూ అన్నానే. ఒక్కసారైనా నోరు విప్పలేదేం?"

"విప్పితే రెండే జరుగుతాయి. నువ్వు మిషను మూసేస్తావు. లేదా బోర్డు పెట్టి అందరికీ కనపడతావు. రెండూ నాకిష్టం లేదు."

చిన్నముల్లు ఏడవలేదు. ఏడిస్తే బాగుండును. వదిన చెయ్యి పట్టుకుంది. తర్వాత బోర్డు సంగతేమిటో మొత్తం చెప్పమంది. కోడలు చెప్పింది.

"ఇంకేదైనా పేరు పెట్టుకో. ఎవరి పేరో ఒకటి."

"ఏ పేరైతేనేం వదినా? వచ్చినవాళ్ళు బాగుందని ఫొటోలు పెడతారు. ఎప్పుడో ఒకప్పుడు నా మొహం పడుతుంది. వాడికి అది చాలు." లేచి నల్లగుడ్డ ముక్క ఒకటి తీసింది. "ఎలాగూ దొరికేటప్పుడు దొంగపేరెందుకు?"

గుడ్డమీద సుద్దతో పెద్దపెద్ద అక్షరాలు రాసింది. 'చిన్నముల్లు కుట్లు'. పిన్నీసులతో దాన్ని గుమ్మం పైన గుచ్చి, లోపలి నిలువుటద్దం కూడా కనపడేంతగా తెర పక్కకి లాగేసి, ఫోను పట్టుకుని సందులోకి దిగింది.

ఫోనులో నీలం చుక్క కనిపించింది. దాని చుట్టూ లేతనీలం వలయం సందుని, ఇంటిని, పక్కింటిని కూడా కలిపేసుకుంది.

"ఇంత పెద్దగా ఉందేం?"

"నువ్వెక్కడున్నావో దానికింకా నమ్మకం కుదరలేదు. ఇటు జరుగు, ఇక్కడైతే ఆకాశం కాస్త ఎక్కువ కనిపిస్తుంది. కదలకుండా నిలబడు."

ఆమె సందు మధ్యకి వచ్చి నిలబడింది. పగటి వెలుతురు ఇంకా ఉంది. ఎవరైనా చూడొచ్చు. ఇన్నాళ్ళూ తెర చాటున బతికిన మనిషి నాలుగువైపులా ఖాళీగా ఉన్నచోట నిలబడి ఫోను ఎత్తి పట్టుకుంది. వలయం చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. చివరికి ఆమె కాళ్ళచుట్టూ ముగ్గురు నిలబడేంత చోటు మిగిలింది. ఆమె ఫొటో తీసింది.

"'పంపు' అన్నది నువ్వే నొక్కాలి. నాకు హక్కు లేదు," అంది కోడలు. ఆ క్షణంలో ఆ నియమం చాటున దాక్కుంటున్నానేమోనని ఆమెకి సిగ్గేసింది.

"ఏం చేస్తున్నారే మీరిద్దరూ?" అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. పైకి చూసింది. నల్లగుడ్డమీద తెల్లక్షరాలు చదివింది. మెట్టు కూడా చూసుకోకుండా దిగి కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"పిచ్చెక్కిందా? ఆ పేరు వాడికి తెలుసు! పెళ్ళినాడు మీ నాన్న పదిమందిలో అదే పేరుతో పిలిచాడు!"

"తెలుసమ్మా."

"తెలిసే...?"

"మళ్ళీ అంబులెన్సు ఆ స్తంభం ముందే ఆగితే, అమ్మా?"

అత్తగారు ఒక చేత్తో కూతురిని పట్టుకునే ఉంది. కళ్ళు మాత్రం ముందుగది వైపు తిరిగాయి. అటు మొగుడు, ఇటు కూతురు. ఇలాంటి చోట ఏ తల్లి ఏం తూచగలదు?

"మీ నాన్న ఒప్పుకోరు," అంది చివరికి. "వెళ్ళి అడుగు."

*

పెద్దముల్లు మంచం పక్కనే ఉన్నాడు. గోడలు పలచన. అన్నీ విన్నట్టున్నాడు, తలెత్తి చెల్లెలి మొహం చూడలేకపోతున్నాడు.

చిన్నముల్లు తండ్రి పక్కన కూర్చుని ఫోను ఆయన కళ్ళముందు పెట్టింది. గుమ్మం, నల్లగుడ్డ, పేరు.

"నాన్నా, ఇది పెడితే ఈసారి అంబులెన్సు తిన్నగా గేటు ముందుకొస్తుంది. నేను మాత్రం కనపడతాను. ఫరవాలేదు కదా?"

ఆయన చాలాసేపు చూశాడు. చదివాడు. తర్వాత ఎడంచెయ్యి లేచింది. ఫోను అందుకుని బోర్లా తిప్పి గుండెమీద అదిమిపెట్టుకుంది. పెదవి ఒక పక్కకి లాగింది. మెడనరాలు పొంగాయి. ఫిజియో అమ్మాయి ఎంత బతిమాలినా రానిది, ఇల్లంతా ఎదురుచూస్తున్నది, అప్పుడు వచ్చింది.

"వ... వద్దు."

అత్తగారు రెండుచేతులతో నోరు మూసుకుంది. మాట వచ్చింది! గంటలా మోగాల్సిన మనిషి చప్పుడు లేకుండా ఏడ్చింది. సంతోషించాలని అందరికీ తెలుసు, ఎవరి వల్లా కాలేదు.

"వద్దు," అన్నాడాయన మళ్ళీ. ఈసారి ఇంకాస్త స్పష్టంగా.

చిన్నముల్లు తండ్రి చేతిమీద తల ఆనించింది.

"నొక్కేశాను నాన్నా. సందులోనే. అమ్మ చెయ్యి పట్టుకుని లాగకముందే."

అప్పుడే వంటింట్లో కోడలి ఫోను మోగింది. ఆమె వెళ్ళి తీసుకొచ్చి గుమ్మంలో నిలబడి ఎత్తింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కళ్ళజోడు గొంతు అందరికీ వినిపించింది.

"మీ సందులోంచి కొత్త గుర్తు వచ్చింది. ఫొటో, బోర్డు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒప్పుకున్నానంటే రేపటికల్లా లోకమంతా చూస్తుంది. కాకపోతే ఫొటోలో లోపలి అద్దంలో ఒకమ్మాయి మొహం పడింది, మీ ఆడపడుచే కాబోలు. తెలిసి పంపిందా, తెలియక పంపిందా? అందుకే నిన్నడుగుదామని ఆపాను. చెప్పు, ఒప్పుకోనా, కొట్టెయ్యనా?"

మావగారి ఎడంచెయ్యి కూతురి ఫోను వదిలేసి కోడలి వైపు చాచుకుంది. ఆడపడుచు తల ఎత్తి, 'చెప్పు వదినా' అన్నట్టు చూసింది. భర్త మొదటిసారి తన మీద కోపం లేకుండా, దిక్కు తోచకుండా చూస్తున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు మావగారు.

"వింటున్నావా?" అంది ఫోనులో కళ్ళజోడు.